బెర్తాగారి క్యాబేజీ జాడీ దాకా

మా తెనాలి వైపు క్యాబేజీ అంటే శీతాకాలపు కూర. కాస్త శనగపప్పు వేసి, పోపు పెట్టి, మగ్గాక దించేస్తే అయిపోతుంది. అదే క్యాబేజీని నెలన్నర పాటు జాడీలో పులియబెట్టి, పండుగనాడు వండుకుని తినే జనం ఉన్నారని నా అరవయ్యో ఏట తెలుసుకున్నాను. మా చెల్లెలి కూతురు సుగుణ అమెరికాలో నర్సు. దాని దగ్గర మూడు నెలలు ఉండి వచ్చాను. అక్కడి మేడల గురించీ, నీళ్ళ మధ్య నిలబెట్టిన విగ్రహం గురించీ నాకంటే ముందు వెళ్ళొచ్చినవారు రాశారు. నేను కొత్త సంవత్సరానికి పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరికి చేసిన ప్రయాణం మాత్రం రాస్తాను.

జెర్సీ సిటీ

సుగుణ వాళ్ళ అపార్ట్‌మెంటు పదకొండో అంతస్తు. దాని భర్త ప్రభాకరం నది కిందుగా పోయే రైలెక్కి రోజూ న్యూయార్కులో ఒక బ్యాంకుకు వెళ్తాడు. పదిహేను రోజులకొకసారి ఏడు తెలుగు కుటుంబాలు వాళ్ళ ముందుగదిలో ప్రార్థనకు కూడుకుంటాయి. పాటలు గొంతు తగ్గించి పాడతారు, డోలక్ లేదు. పక్క ఫ్లాటువాళ్ళు గోడ మీద తడతారట. మన సంఘాల్లో నాలుగు వీధులకు వినిపించేలా పాడటం అలవాటైన నాకు మొదట అది స్తుతిలా అనిపించలేదు. రెండోసారికి అలవాటైంది. దేవుడికి చెవుడు లేదు కదా.

బయలుదేరే ముందురోజు బజారుకు వెళ్ళాం. ఒక అర నిండా డబ్బాలు, ప్రతి డబ్బా మీదా క్యాబేజీ బొమ్మ. లోపల ఉన్నది సౌర్‌క్రౌట్, అంటే ఉప్పులో పులిసిన క్యాబేజీ తురుము, జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళ వంట. డబ్బా అర డాలరు కూడా లేదు. డాలరుకు తొమ్మిది రూపాయల చిల్లర లెక్కన చూసినా అక్కడ చవకే. మనం వెళ్తున్నది జర్మన్‌వాళ్ళ ఇంటికే గదా అని రెండు డబ్బాలు చేతిలోకి తీసుకున్నాను.

"అవి పెట్టెయ్ పెద్దమ్మా," అంది సుగుణ. "బెర్తా ఆంటీ ఇంటికి డబ్బా తీసుకెళ్తే గేటు కూడా తియ్యదు."

బెర్తాగారు ఎవరో అప్పుడు చెప్పింది. సుగుణ ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పని. ఆసుపత్రి దగ్గరే బెర్తాగారి ఇంట్లో పైగది అద్దెకు తీసుకుని రెండేళ్ళు ఉంది. ఆవిడ మన లూథరన్ సంఘస్థురాలే. ఆ సంఘంలో కొత్త సంవత్సరం నాడు అందరూ కలిసి భోంచేస్తారు. ఆ భోజనానికి సౌర్‌క్రౌట్ వండేది ఎప్పుడూ ఆవిడే.

"పోయినేడు మాడ్చేసింది. మొత్తం గార్బేజ్‌లో పారబోశారు. ఈసారి డబ్బాలు కొనేద్దాం అని కమిటీ డిసైడ్ చేసింది. డొరతీ అని కిచెన్ కమిటీకి హెడ్ ఉందిలే, ఆవిడ 'ఇంకొక్కసారి చూద్దాం' అందట. ఈసారి కూడా పాడైతే ఇక ఆంటీ చేతికి గిన్నె ఇవ్వరు."

"ఇవ్వకపోతే ఏమే? పెద్దావిడ గదా, కూర్చుని తింటుంది."

"రేపు నిన్ను సండే స్కూల్ మానేసి కూర్చో అంటే కూర్చుంటావా?"

నేను డబ్బాలు తిరిగి అరలో పెట్టేశాను.

దారిలో

ప్రభాకరం కారు తోలాడు. క్యాసెట్లో తెలుగు కీర్తనలు పెట్టాడు. మధ్యలో ప్లెయిన్స్‌బరోలో అతని స్నేహితుడి ఇంట్లో ఆగాం. ఆ ఇల్లాలు శారద రాజమండ్రి అమ్మాయి, పూజగది ఉన్న ఇల్లు. పులిహోర, పెరుగన్నం పెట్టింది. కరివేపాకు దొరకదని రెండు ఎండురెబ్బలు వేసి అందుకే నాలుగుసార్లు క్షమాపణ చెప్పింది. మేం వెళ్ళే పని విని నవ్వింది.

"మా పక్క అపార్ట్‌మెంట్ జర్మన్ ఆవిడ అది వండిన రోజు మేం విండోస్ ఓపెన్ చేసుకుంటాం పెద్దమ్మగారూ. నేను ఇంగువ వేసిన రోజు ఆవిడ ఓపెన్ చేసుకుంటుంది. సరికి సరి."

అక్కడి నుంచి పడమటికి తిరిగాక మంచు మొదలైంది. కాఫీకి ఒక దారిపక్క హోటలులో దిగాం. పక్క బల్ల దగ్గరి ముసలాయన నా చీర, దాని మీద మగవాళ్ళ కోటు చూసి చలి వేయదా అని అడిగాడు. ఏ దేశం, ఏ మతం అని కూడా అడిగాడు. అక్కడ కొత్తవాళ్ళను మతం అడగరని సుగుణ చెప్పింది గానీ, ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. క్రైస్తవురాలినని చెప్పాను.

"ఎప్పుడు మారారు?"

"నేను మారలేదు. మా ముత్తాత మారాడు. మీరు?"

"నేనా, నేను క్రిస్మస్‌కు గుడికి వెళ్తాను."

"అయితే మీరింకా మారాలి."

సుగుణ బల్ల కింద నా చీర లాగింది. ముసలాయన మాత్రం కాఫీ చొక్కా మీద ఒలికేంత నవ్వి, నా ముందున్న 'యాపిల్ పై' అనే తీపి రొట్టె ముక్కను తన లెక్కలో వేయించుకున్నాడు.

నేలకింది గది

బెర్తాగారికి ఎనభై దగ్గర. పొడగరి. వంగి నా రెండు చేతులూ పట్టుకుని "సిస్టర్" అంది. నేను "వందనాలు" అన్నాను. పిల్లలు లేరు, భర్త పోయి చాలా కాలమైంది. ఇంట్లో కూర్చోబెట్టి మర్యాదలు చేయకుండా సరాసరి నేలకింది గదికి తీసుకెళ్ళింది. అక్కడ మన ఊరగాయ జాడీలకు తాతలాంటి జాడీ. మూత మీద గుండ్రాయి. రాయి, చెక్క మూత తీసేసరికి నీళ్ళు, నీళ్ళ మీద తెల్లటి తెట్టు.

పాపం, పాడైపోయింది అనుకున్నాను. మన ఇళ్ళలో జాడీలో నీటిచుక్క పడితే ఆ ఏడాది పచ్చడి దక్కనట్టే. పొడిచేత్తో, పొడిగరిటెతో తప్ప ముట్టనివ్వం. బెర్తాగారు అప్పుడే కడుక్కున్న తడిచేతిని మణికట్టు దాకా ముంచి పిడికెడు తురుము తీసింది. నా నోట్లోంచి "అయ్యో" అని వచ్చింది.

"ఏమంటోంది?" అని ఆవిడ సుగుణను అడిగింది.

"తడిచెయ్యి పెట్టారని ఆంటీ. మా ఊళ్ళో అయితే ఇంట్లోంచి వెళ్ళగొడతారు."

బెర్తాగారు నాకు విడమరిచి చెప్పింది. నూనె వెయ్యరు. క్యాబేజీని సన్నగా తరిగి, ఉప్పు చల్లి, నీరు ఊరేదాకా పిడికిళ్ళతో కుమ్ముతారు. దాని నీళ్ళలో అదే మునిగి ఉండాలి. నీటికి పైకి తేలినది కుళ్ళుతుంది, మునిగినది నిలుస్తుంది. తెట్టును గరిటెతో తీసి పారబోస్తే చాలు. మన పచ్చడిని నీళ్ళు చంపుతాయి, వాళ్ళ పచ్చడిని నీళ్ళే కాపాడతాయి. బాప్తిస్మం పాఠం చెప్పేటప్పుడు పనికొస్తుందని మనసులో పెట్టుకున్నాను.

వాసన మాత్రం గట్టిది. నేను ముక్కు దగ్గర పైట పెట్టుకోవడం ఆవిడ చూసింది.

"గట్టిగా ఉందా వాసన?" అంది.

"గట్టిగానే ఉంది."

"పుల్లగా ఉందా, కుళ్ళినట్టు ఉందా?"

"పుల్లగా."

"మంచిది," అని మూత పెట్టింది. మర్యాదకు అడిగిందనుకున్నాను.

పంది, వాగ్దానం

ఆ సాయంత్రం ఏడాది చివరి ఆరాధన నుంచి వచ్చాక, ఈ కూర కొత్త సంవత్సరానికే ఎందుకని అడిగాను. దీన్ని పంది మాంసంతో తింటే ఏడాదంతా అదృష్టమట. కోడి కాళ్ళతో వెనక్కి గీరుతుంది, పంది మూతితో ముందుకు కుమ్ముకుంటూ పోతుంది, అందుకని ఏడాది మొదటిరోజు కోడిని ముట్టరట.

విశ్వాసులకు అదృష్టం ఏమిటని అన్నాను. మేము కొత్త సంవత్సరం నాడు వాక్యాలు రాసిన చీటీలు పళ్ళెంలో వేసి, ప్రార్థించి తలా ఒకటి తీసుకుంటామనీ, ఎవరికి వచ్చినది వారికి ఆ ఏటి వాగ్దానమనీ చెప్పాను.

"కళ్ళు మూసుకుని తీస్తారా?" అంది బెర్తాగారు.

"అవును."

"మరి అది అదృష్టం కాదా సిస్టర్?"

సుగుణ అటు తిరిగి గిన్నెలు కడుగుతోంది గానీ దాని వీపు కదులుతోంది. అది నడిపింపు, ఇది అదృష్టం అని చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతాను. ఆవిడ ఒప్పుకోలేదు.

పంది సంగతి వేరే ఉంది. మేడ మీద ప్రార్థిస్తున్న అపొస్తలునికి ఆకాశం నుంచి నిషిద్ధ జంతువులున్న దుప్పటి దిగి, తినమని స్వరం వినిపించిన పాఠం నేను ముప్ఫై ఏళ్ళు చెప్పాను. దేవుడు పవిత్రం చేసినదాన్ని నిషిద్ధమనకూడదని పిల్లల చేత వల్లె వేయించాను. అయినా మా ఇంట్లో పంది మాంసం ఎన్నడూ వండలేదు. వాక్యం మనసుకు ఎక్కింది, నాలుక దాకా రాలేదు. సుగుణ ముందే చెప్పి ఉంటుంది, నాకోసం చిన్నగిన్నెలో వెన్నతో విడిగా వండుతానని బెర్తాగారు అంది. నేను సంతోషంగా ఒప్పుకున్నాను.

పొయ్యి దగ్గర

మర్నాడు పొద్దున ముగ్గురం వంటింట్లో ఉన్నాం. ఉప్పు పట్టించిన పంది మాంసపు ముక్కలు పెద్దగిన్నెలో వేసి కొవ్వు కరిగించింది. అందులో సన్నగా తరిగిన ఉల్లిపాయలు. మనలా ఎర్రగా వేయించరు, మెత్తబడి మెరిసేదాకా నిదానంగా మగ్గిస్తారు. బెర్తాగారు గిన్నె మీదికి చెవి వంచి చిటపటలు విని మంట తగ్గించడం చూశాను. తరువాత పుల్ల యాపిల్ ముక్కలు. జాడీలోంచి తీసిన తురుమును ఒక్కసారి నీళ్ళలో జాడించి, పిండి, చేత్తో విడదీసి వేసింది. బిర్యానీ ఆకు, షాజీరలాంటి గింజలు, మిరియాలకంటే కాస్త పెద్ద నల్లటి అడవిపండ్లు కొన్ని, మాంసం ఉడికించిన నీళ్ళు. మూత పెట్టి సన్నమంట మీద చాలాసేపు ఉంచాలి. కారం లేదు, పసుపు లేదు. నా చెయ్యి ఆవాల కోసం రెండుసార్లు అరల వైపు వెళ్ళి తిరిగొచ్చింది.

చివర్లో పచ్చి బంగాళాదుంప తురిమి కలిపింది. దానితో నీరు చిక్కబడుతుంది. ఇక కలుపుతూనే ఉండాలి, లేకపోతే అంటుకుంటుందని కూడా ఆవిడే చెప్పింది.

అప్పుడే బయట కారు చప్పుడైంది. గిన్నెను సంఘం హాలుకు తీసుకెళ్ళడానికి డొరతీ వస్తుందని అనుకుంటున్నదే. తీరా చూస్తే పాలవాడి బండి. కానీ ఆ చప్పుడుకే బెర్తాగారి మొహం మారింది. గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"సిస్టర్, ఈ గిన్నె కోసం ఒక్క మాట ప్రార్థించండి."

వాళ్ళ ప్రార్థనలు అచ్చువేసినవి, నాలుగు వరుసల్లో అయిపోతాయి. ఒక్క మాట అంటే ఆవిడకు అంతే. నేను తెలుగులో మొదలుపెట్టాను. గడిచిన సంవత్సరానికి స్తోత్రం చెప్పాను. ఈ ఇంటిని, ఆమె భర్త జ్ఞాపకాన్ని, సుగుణకు ఆశ్రయమిచ్చిన పైగదిని దేవుని సన్నిధిలో పెట్టాను. ఆసుపత్రిలో రోగులు, మంచులో ప్రయాణించేవారు, ప్లెయిన్స్‌బరో శారద, హోటలు ముసలాయన, రెండు దేశాల పాలకులు, మా డెల్టాలో దాళ్వా పంటకు నీళ్ళు. మధ్యలో సుగుణ దగ్గింది. ఆత్మలో కదిలిందనుకుని ఇంకాస్త ముందుకు వెళ్ళాను. మళ్ళీ దగ్గింది. ఏదో ఘాటు నా ముక్కుకూ తగిలింది గానీ, ఈ కూర వాసనే అంత అనుకున్నాను.

నేను ఆమెన్ అనగానే సుగుణ పొయ్యి మీదికి దూకింది.

"అడుగంటింది పెద్దమ్మా."

"మరి చెప్పవేమే?"

"ప్రేయర్‌లో మాట్లాడితే నువ్వు తొడపాశం పెట్టేదానివి గదా. కళ్ళు తెరిచినా పెట్టేదానివి."

నిజమే. మా ఊరి ఆదివారపు బడిలో దానికి ఆ క్రమశిక్షణ నేర్పింది నేనే. బెర్తాగారు మాత్రం ఇంకా చేతులు జోడించుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. పొగ కనిపించాక గానీ ఆవిడకు అర్థం కాలేదు. కుర్చీలో కూర్చుండిపోయింది.

మాడినదాన్ని ఎలా దక్కించుకోవాలో మనకు తెలుసు. గరిటె పెట్టి కలపొద్దన్నాను. మంట ఆర్పి, గిన్నెను చన్నీళ్ళ తొట్టిలో దింపించాను. పైపైన ఉన్నది ఎత్తి వేరే గిన్నెలోకి తీశాను. అడుగును వదిలేశాను. రెండు పెద్ద ఉల్లిపాయలు సగానికి కోసి అందులో గుచ్చి కాసేపు మూతపెట్టి తీసేశాను. ఇంకో రెండు యాపిల్ పళ్ళు తురిమి వేశాం.

"రుచి చూడు ఆంటీ," అంది సుగుణ.

బెర్తాగారు తల అడ్డంగా ఊపింది. "సిస్టర్ చూడాలి."

నేను చూస్తే తప్ప లాభం లేదు. మాడు వాసన ఉందో పోయిందో సుగుణ ముక్కు అప్పటికే తేల్చుకోలేని స్థితిలో ఉంది. గరిటెతో కాస్త తీసుకున్నాను. అందులో ఒక మాంసపు ముక్క కూడా వచ్చింది. ముప్ఫై ఏళ్ళు చెప్పిన పాఠం అలా నోట్లోకి వెళ్ళింది. కొవ్వుగా, ఉప్పగా ఉంది, చెడ్డగా లేదు. పులుపు ముందు వచ్చింది, యాపిల్ తీపి వెనక వచ్చింది. మాడు తెలియలేదు.

డొరతీ

డొరతీకి యాభై దాటి ఉంటాయి. బూట్లకు మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చి, గుమ్మంలోనే ఆగి, ముక్కు ఎగబీల్చింది.

"బెర్తా, మళ్ళీనా?" అంది. అక్కడ తల్లి వయసు మనిషిని కూడా పేరు పెట్టి పిలుస్తారు. అందులో అమర్యాద లేదట.

నాకు వచ్చిన ఇంగ్లీషులో నేను చెప్పాను. "ఆమె మరిచిపోలేదు. దుంప తురుము వేసి కలుపుతుంటే నేను ప్రార్థన మొదలుపెట్టాను. నా ఆమెన్ కోసం ఆమె నిలబడింది."

"ఎంతసేపు ప్రార్థించారు?"

సుగుణ అందుకుంది. "ఇండియా, అమెరికా రెండూ కవర్ చేసింది."

డొరతీ పెదవులు కదిలాయి. కొత్త గిన్నెలోంచి చెంచాతో తీసి రుచి చూసింది. ఇంకోసారి చూసింది. "ఇది బాగానే ఉంది. సరే, అంతేనన్నమాట," అని కోటు గుండీలు పెట్టుకోబోయింది. అక్కడితో గండం గడిచినట్టే.

"కాదు డొరతీ," అంది బెర్తాగారు కుర్చీలోంచే. "సిస్టర్ చెప్పింది నిజమే. ఇంకో సగం నేను చెప్పాలి. నాకు వాసన తెలియడం లేదు. రెండేళ్ళ కింద ఫ్లూ వచ్చింది చూడు, అప్పటి నుంచి. కాఫీ తెలియదు, సబ్బు తెలియదు. పోయినేడు గిన్నె నా ముందే మాడింది, నేను పక్కనే కూర్చుని ఊలు అల్లుకుంటున్నాను."

"పోయినేడు కొత్త స్టవ్ అన్నారు. మంట ఎక్కువ వస్తోందని నాతో పోట్లాడారు."

"అన్నాను. అబద్ధం."

"నాకెందుకు చెప్పలేదు?"

"ముక్కు పనిచెయ్యని మనిషికి గిన్నె ఇస్తావా నువ్వు?"

నేలకింది గదిలో ఆవిడ నన్నెందుకు అన్ని ప్రశ్నలు అడిగిందో, ఉల్లిపాయలు వేగుతుంటే చెవి ఎందుకు వంచిందో నాకు అప్పుడు తెలిసింది. నాలుగు చేతులూ పట్టి గిన్నెను డొరతీ కారెక్కించాం. దారిలో మా కారులో ప్రభాకరం పాటలు పెట్టబోతే సుగుణ వద్దంది.

సంఘం హాలు

గుడి వెనకే హాలు. పొడవాటి బల్లలు, కాగితం పళ్ళాలు. మన ప్రేమవిందుల్లోలాగే ముందు ముసలివాళ్ళు, తరువాత మిగతావాళ్ళు. మన దగ్గర వడ్డించేవాళ్ళు వెంటపడి మారు వడ్డిస్తారు, వద్దంటే నొచ్చుకుంటారు. అక్కడ ఎవరి పళ్ళెం వాళ్ళే తెచ్చుకోవాలి, ఎవరూ బతిమాలరు. నేను మొదట అలవాటు కొద్దీ కూర్చునే ఉండి, ఎవరూ రాకపోవడంతో లేచాను. బెర్తాగారు గిన్నె వెనక నిలబడి గరిటెతో వేస్తోంది. ఒక రైతు రెండోసారి వచ్చి ఈసారి యాపిల్ ఎక్కువ పడినట్టుందే అన్నాడు.

"ఇండియా పద్ధతి," అంది ఆవిడ తొణక్కుండా.

అందరూ తిన్నాక ఆడవాళ్ళు హాలు వంటింట్లో గిన్నెలు కడిగారు. నేనూ ఒక తుండు తీసుకున్నాను. కమిటీవాళ్ళు అక్కడే ఉన్నారు. బెర్తాగారు తన ఖాళీ గిన్నెను ఎవరికీ ఇవ్వకుండా తానే తోముతోంది. తోమడం ఎప్పుడో అయిపోయింది, అయినా తోముతోంది. వచ్చే ఏటికి డబ్బాల మాట ఏం చేద్దామని ఒకావిడ అడిగింది.

డొరతీ చేతులు తుడుచుకుంది. ఇంట్లో విన్నది అక్కడ చెప్పలేదు.

"డబ్బాలు వద్దు. వచ్చే ఏడు నేను వెళ్ళి బెర్తా దగ్గర కూర్చుంటాను. వాసన చూస్తూ ఉంటే చాలు గదా."

"నీకు ఆ వాసన పడదు గదా డొరతీ," అంది ఆ అడిగినావిడే. "చిన్నప్పుడు మీ అమ్మ వండితే వసారాలో తినేదానివి."

"ఇప్పటికీ పడదు. అయినా కూర్చుంటాను. ఎనిమిదింటికి వస్తాను బెర్తా."

బెర్తాగారు గిన్నె బోర్లించి, తడి చెయ్యి ఏప్రన్‌కు తుడుచుకుని ఆమె వైపు చూసింది.

"ఏడింటికి రా. ఉల్లిపాయలు ఎవరు తరుగుతారు?"